సోమవారం అరలో మిగిలిన గోలీ

శ్రావణ మాసం, మంగళవారం, సాయంత్రం. పాతబస్తీ ఛత్రినాకలో రత్నమ్మ గారి టోకు దుకాణం.

హాజరైనవారు: రత్నమ్మ గారు (రోగి, దుకాణం యజమానురాలు). శ్రీనివాస్ (ఆమె కొడుకు). రామ్మోహనరావు గారు (ప్రభుత్వంలో ఇంజనీరుగా రిటైరైన నా స్నేహితుడు). సలీం భాయ్ (వడ్రంగి). నేను (ప్రభుత్వ డిస్పెన్సరీలో ఫార్మసిస్టుగా రిటైరైనవాణ్ణి). వీరు కాక, పాత ప్యాలెట్ చెక్కతో మేం తయారుచేసిన మందుల పెట్టె, చింతపండు బస్తా మీద, ముద్దాయి హోదాలో.

చర్చనీయాంశం: అంత మంచి పెట్టె ఉండగా రత్నమ్మ గారు ఆ ఉదయం గల్లా దగ్గర ఎలా ఒరిగిపోయారు.

ఏ సంగతి రాసినా ముందు తేదీ, వచ్చినవాళ్ళ పేర్లు రాయడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. డైరీ రాయని రోజు నాకు స్నానం చేయని రోజుతో సమానం. ఫార్మసీ చదివి ఉద్యోగంలో చేరబోతున్న పిల్లలకు పనికొచ్చేలా నాలుగు మాటలు రాయమని ఈ మధ్య ఒకరిద్దరు అడిగారు. ప్రమోషన్ల గురించి రాయను. అవి ఆలస్యంగా వచ్చాయి, వచ్చాక ఏమీ నేర్పలేదు. ఫైళ్ళ గురించీ రాయను. వాటిని భరించడం ఎవరికి వారు నేర్చుకోవలసిందే. ఈ ఉద్యోగం గురించి నాకు నిజంగా తెలిసినదంతా కొద్ది సంఘటనల్లో ఉంది. వాటిలో ముఖ్యమైనది రిటైరయ్యాక జరిగింది. అంటే జీతం తీసుకున్నన్నాళ్ళూ తెలియనిది పెన్షన్ తీసుకుంటూ ఉండగా తెలిసింది. ఇందులో ప్రభుత్వానికి లాభమో నష్టమో వాళ్ళే చూసుకోవాలి.

చెయ్యి పట్టేంత కిటికీ

మా డిస్పెన్సరీలో మందులిచ్చే కిటికీ ఒక చెయ్యి పట్టేంత ఉండేది. పెద్దది పెడితే జనం తలలు దూర్చి ప్రశ్నలడుగుతారని కట్టినప్పుడే ఆలోచించారట. లోపల కూర్చున్న నాకు మనుషులు కనబడేవారు కాదు, చేతులు కనబడేవి. గాజుల పనివాళ్ళ వేళ్ళ మీద లక్క కాలిన మచ్చలు, మిర్చి గోదాముల్లో పనిచేసేవాళ్ళ ఎర్రటి గోళ్ళు, ప్రెస్సువాళ్ళ సిరా. చెయ్యి లోపలికి వచ్చి చీటీ పెట్టేది. నేను గోలీలు కాగితంలో మడిచి ఇచ్చి, ‘పొద్దున ఒకటి, రాత్రి ఒకటి’ అనేవాణ్ణి. బయట నుంచి ‘అచ్ఛా సాబ్’ అని వినబడేది. చెయ్యి వెళ్ళిపోయేది. మందు ఇచ్చినట్టు లెక్క.

కొత్తగా చేరేవాళ్ళకు నా మొదటి సలహా, ఆ ‘అచ్ఛా’ను నమ్మవద్దు. అది అర్థమైందని కాదు, వెనక క్యూ ఉందని. నేను బాపట్ల వైపు నుంచి వచ్చి ఉప్పుగూడలో స్థిరపడ్డవాణ్ణి. నా భాష వాళ్ళకు సగం, వాళ్ళ భాష నాకు సగం అర్థమయ్యే రోజుల్లో కూడా ‘అచ్ఛా’ మాత్రం నిండుగా వచ్చేది. అందుకని కొన్నాళ్ళకు ఒక పద్ధతి పెట్టుకున్నాను. మందు ఇచ్చాక, ఎలా వేసుకుంటావో నువ్వు చెప్పు అని అడిగేవాణ్ణి. మొదటిరోజే ఒకావిడ కిటికీ అవతల నుంచి తగులుకుంది.

“ఇప్పుడే మీరు చెప్పిన్రు గద సారూ. మల్ల నన్నడుగుతున్రేంది?”

ఆమె వెనకున్న ఇంకొకావిడ జాలిపడింది. “సారుకు యాది ఉంటలేదంట. జర చెప్పు, పాపం.”

ఆ రోజు నుంచి చాలామంది నాకు మతిమరుపు అనుకుని ఓపిగ్గా, విడమరచి చెప్పడం మొదలుపెట్టారు. తప్పు ఎక్కడ ఉందో నాకు వినబడేది, దిద్దేవాణ్ణి. మతిమరుపు పేరు పోలేదు. దానివల్ల కలిగిన మేలుతో పోలిస్తే అదేమంత పెద్ద ఖర్చు కాదు.

అరలు నిండుగా ఉండాలి

మాకు ఇన్‌చార్జులుగా చాలామంది డాక్టర్లు వచ్చి వెళ్ళారు. మంచివాళ్ళున్నారు, మామూలువాళ్ళున్నారు. అందరిలోనూ ఉన్న ఒకే గుణం, వచ్చిన వారంలోపే మందుల గది తిరిగి సర్దించడం. ఒకాయన ఇంగ్లీషు అక్షరక్రమంలో పెట్టించారు. తరవాత వచ్చినావిడ అది అశాస్త్రీయమని చెప్పి జబ్బుల వారీగా పెట్టించారు. జ్వరం గోలీ ఒళ్ళునొప్పులకు కూడా ఇస్తాం కదమ్మా, ఏ అరలో పెట్టమంటారు అని అడిగితే, “రెండింట్లోనూ సగం సగం పెట్టండి” అన్నారు. మూడో ఆయన అట్టపెట్టెల రంగును బట్టి పెట్టించారు. చూడడానికి బాగుంటుందని. బదిలీ డాక్టర్లకు, పెట్టెలు మోసేది మేము.

ఎవరు ఎలా సర్దమన్నా ఆ అర లోపల మాత్రం నేను ఒకే సూత్రం పాటించాను. గడువు ముందు తీరేది ముందు వరసలో, తరవాత తీరేది వెనక వరసలో. పాతది పోయాకే కొత్తది. మీరు పుస్తకంలో చదివే ఉంటారు. గుర్తుపెట్టుకోండి, మందుల గదిలో ఇంతకంటే విలువైన సూత్రం లేదు. అయితే అది మందుల గదిలోనే ఉండాలి. ఈ మాట ఎందుకంటున్నానో ముందు ముందు తెలుస్తుంది.

ఒకసారి తనిఖీకి పెద్ద అధికారి వస్తున్నారని కబురు వచ్చింది. మా ఇన్‌చార్జి గారు పొద్దున్నే వచ్చి అరలన్నీ చూసి తృప్తిపడి, “ఇవాళ కిటికీ తెరవకండి” అన్నారు.

“ఎందుకండీ?”

“తెరిస్తే ఇవన్నీ అయిపోవూ?”

అధికారి మధ్యాహ్నం దాటాక వచ్చారు. నిండుగా ఉన్న అరల ముందు చేతులు కట్టుకుని నిలబడి, నిర్వహణ చక్కగా ఉందని మెచ్చుకున్నారు. వరండాలో జనం చీటీలు పట్టుకుని కూర్చునే ఉన్నారు. ఆయన జీపు కదిలాక మూసిన కిటికీ మీద ఒక ముసలాయన వేలితో కొట్టాడు.

“సాబ్, లోపట దవాలు మస్తుగున్నయంట గద. తినేటందుకు కాకున్నా, జర చూసి పోతం. కిటికీ తీయున్రి.”

తెరిచాను. నిండుగా ఉన్న అర మంచి అర అన్నది మా శాఖలో మతం వంటిది. దాన్ని ఎదిరించి గెలిచినవాణ్ణి నేను చూడలేదు. మీరు ప్రయత్నించండి.

అమ్మీకిచ్చిన మధ్యాహ్నం గోలీ

గోదావరి వైపు నుంచి ఒక యువ డాక్టరు కొత్తగా వచ్చారు. తెలివైనవారు, కష్టపడేవారు. అది రంజాన్ నెల. ఖాదర్ భాయ్ అని మగ్గం పని చేసే ఆయన గొంతు వాచి వస్తే డాక్టరు గారు మూడు పూటలా భోజనం తరవాత వేసుకోమని మందు రాశారు. నేను ఇచ్చాను. కొన్ని రోజులకు ఖాదర్ భాయ్ అదే గొంతుతో మళ్ళీ వచ్చాడు. డాక్టరు గారు నన్ను కూడా పిలిచారు.

“మందులన్నీ వాడావా?”

“పూరా ఖతం చేసిన సాబ్. ఒక్కటి మిగల్లే.”

“మూడు పూటలా?”

“రెండు పూటలు నేను. రోజా ఉన్న గద. మధ్యాహ్నంవి అమ్మీకిచ్చిన. ఆమెకు పానం బాగుంటలేదు, రోజా ఉంటలేదు. దవా ఖరాబ్ చేయొద్దు గద సాబ్.”

డాక్టరు గారు కలం కింద పెట్టి, “అమ్మకు ఎలా ఉంది?” అన్నారు.

“మస్తుగుంది సాబ్. ఇంకిన్ని తెమ్మన్నది.”

ఆ డాక్టరు గారిని నేను గౌరవించేది ఎందుకంటే, ఆయన నవ్వలేదు, ఖాదర్ భాయ్‌ను తిట్టలేదు. మర్నాటి నుంచి చీటీ రాసే ముందు, ‘మీరు ఎప్పుడెప్పుడు తింటారు’ అని అడగడం మొదలుపెట్టారు. కుదిరిన మందులను తెల్లవారుజామున సహరీకి, సాయంత్రం ఇఫ్తార్‌కు మార్చి రాసేవారు. కుదరని మందు అయితే కుదరదని చెప్పి ఒప్పించేవారు. ఆయన బదిలీ అయ్యాక కూడా నెలవంక కనబడింది మొదలు పండగ వరకూ నేను ఏ చీటీనీ ఆ ప్రశ్న అడక్కుండా వదల్లేదు. ఈ విషయంలో నాకు కాస్త గర్వం కూడా ఉండేది. పాతబస్తీ నాకు తెలుసు అనుకునేవాణ్ణి.

పెట్టె కట్టడం

ఇప్పుడు రత్నమ్మ గారి సంగతి. వాళ్ళది ఛత్రినాకలో తరాల నాటి చింతపండు, మిర్చి టోకు వ్యాపారం. దుకాణం ముందు, ఇల్లు వెనక. భర్త పోయినప్పటి నుంచి గల్లా మీద ఆవిడే కూర్చుంటున్నారు. చింతపండు రెండు వేళ్ళతో నొక్కి అది ఏ ఏటిదో చెప్పగలరు. నేను ఉద్యోగంలో ఉన్నప్పటి నుంచీ వాళ్ళ ఇంటి చింతపండు తప్ప మరెక్కడి చింతపండూ మా ఇంటికి రాలేదు.

ఆవిడకు షుగరు, బీపీ ఉన్నాయి. మందులన్నీ ఒక బిస్కెట్ డబ్బాలో, తాళంచెవులు, రబ్బరు బ్యాండ్లతో కలిసి ఉండేవి. వేసవిలో ఒకరోజు షుగరు గోలీ అనుకుని బీపీ గోలీనే రెండోసారి వేసుకుని, కళ్ళు తిరిగి మిర్చి బస్తాల మీద పడ్డారు. శ్రీనివాస్ భయపడ్డాడు. ఇంకొక్కసారి పడితే గల్లా తనదే, అమ్మ ఇంట్లోనే ఉండాలి అని తేల్చేశాడు. రత్నమ్మ గారు నా దగ్గరికి వచ్చారు.

“సారూ, మావోడు మంచోడే. నా మీద పానం పెట్టుకుంటడు. గని వానికి తూకం రాదు. మనిషి మొకం చూసి కాంటా పెడ్తడు. నేను ఇంట్ల కూసుంటే దుకాణం పంచి పెడ్తడు. నాకేదన్న ఉపాయం చెప్పున్రి.”

బజారులో ప్లాస్టిక్ మందుల డబ్బాలు దొరుకుతాయి. రత్నమ్మ గారి చేతులకు వాటి మూతలు రావు, అరలు మరీ చిన్నవి. గోలీని రేకులోంచి ముందే తీసి పెట్టడం కూడా నాకిష్టం లేదు. గాలి, చెమ్మ తగులుతాయి, పేరు తెలియకుండా పోతుంది. రేకును కత్తిరించి ముక్కలుగా పెట్టుకునేంత పెద్ద అరలు కావాలి. చెక్కతో చేయిద్దామనుకున్నాను. చాంద్రాయణగుట్ట ఫ్లైఓవర్ దాటాక పాత సామాను కొట్లలో ప్యాలెట్లు గుట్టలుగా ఉంటాయి. సరుకుల పెట్టెలు నేలకు తగలకుండా కింద వేసే చెక్క చట్రాలివి. నేను ఉద్యోగంలో ఉండగా మందుల పెట్టెల కింద వేయడానికి ఇవి కావాలని అడిగితే, ఆ పేరు మంచాలదనుకుని, రోగులు పడుకోని డిస్పెన్సరీకి మంచాలు ఎందుకని పైనుంచి ప్రశ్న వచ్చింది. చివరిదాకా ఇటుకల మీదే నడిపాం. కాబట్టి ప్యాలెట్ చెక్క అంటే నాకు పాత కోరిక తీరినట్టు కూడా ఉంటుంది.

ఇక్కడ నేను ఒక పొరపాటు చేశాను. సంగతి రామ్మోహనరావు గారికి చెప్పాను.

ఆయన మర్నాడే డ్రాయింగుతో వచ్చారు. ఏడు రోజులు, మూడు పూటలు, ఇరవై ఒక్క అరలు. ముందు నుంచి, పక్క నుంచి, పైనుంచి మూడు కోణాల్లో గీశారు.

“ఏమండీ, దీని మీద బరువు ఎంత పడుతుంది?”

“గోలీలండీ.”

“అవును, ఎంత?”

“పిడికెడు.”

“అయినా రేపు ఎవరైనా దీని మీద కూర్చుంటే? భద్రత చూసుకోవాలిగా” అని పలక మందం రెట్టింపు చేశారు.

ప్యాలెట్లు ఎంచడానికి నేనూ వెళ్ళాను. నూనె మరకలు, ఘాటు వాసన ఉన్నవన్నీ పక్కన పెట్టించాను. పురుగు చావడానికి రసాయనపు పొగ పట్టించిన చెక్క ఉంటుంది, వేడి పట్టించిన చెక్క ఉంటుంది. దాని మీద ముద్ర చూడాలి. వేడి పట్టించినదే తీసుకున్నాం. తన మీద ఇంతకుముందు ఏం మోసిందో తెలియని చెక్కలో మందు పెట్టకూడదు. కొట్టు యజమాని మా ఇద్దరినీ కాసేపు చూసి, “పెండ్లి సంబంధమా పెద్దాయనా, గింత చూస్తున్రు” అన్నాడు.

సలీం భాయ్ మేకులు పీకి, చెక్క ఎండబెట్టి, చిత్రిక పట్టాడు. అరలు బిగించాక రెండడుగులు వెనక్కి వెళ్ళి చూశాడు.

“సాబ్, బురా మానొద్దు. కబూతర్లకు గిట్ల గూడు చేసియ్యమని మస్తు మంది అడుగుతరు. దవాలకు అడిగింది మీరే.”

ఉప్పుగూడలో ఆ పెట్టెను కొన్నాళ్ళు మా ఇంట్లోనే ఉంచి, లోపల గరుకు లేకుండా కాగితంతో రుద్దాను. వార్నిష్ వేయలేదు, వాసన మందులకు పడుతుందని. ప్రతి అర మీదా రోజు పేరు రాసి, పూట తెలియడానికి సూర్యుడు, నడినెత్తి సూర్యుడు, చంద్రుడు బొమ్మలు వేశాను. మా ఆవిడ ఊడ్చుకుంటూ వచ్చి, “ఇన్నేళ్ళు ఒక కిటికీ వెనక కూర్చున్నారు. అది చాలక ఇరవై ఒక్కటి చేయించుకున్నారా?” అంది.

పెట్టెను నేనొక్కణ్ణీ ఎత్తలేకపోయాను. రత్నమ్మ గారి దుకాణంలో హమాలీ మల్లేష్ దాన్ని నెత్తిన పెట్టుకుని దింపి, లోపల ఏమున్నాయని అడిగాడు. గోలీలని చెబితే నమ్మలేదు. రత్నమ్మ గారు మాత్రం దాన్ని ఇంటికొచ్చిన కోడలిని చూసినట్టు చూశారు.

“అంత మంచిగనే ఉంది. సూర్యుడు రెండుసార్లు ఎందుకొచ్చిండు?”

“రెండోది మధ్యాహ్నం.”

“మధ్యాహ్నం నాకు గోలీ లేదు గద.”

లేదు. కానీ డ్రాయింగులో ఉంది. ఆ వరసలో ఆవిడ తరవాత లవంగాలు పెట్టుకున్నారు.

ఆదివారం పూట నేను వెళ్ళి, రేకులు కత్తిరించి వారానికి సరిపడా అరలు నింపేవాణ్ణి. గడువు తేదీలు చూపించి, పాతది ముందు పోవాలని ఆవిడకు కూడా నేర్పాను. ఆషాఢమంతా ఒక్క గోలీ తప్పలేదు. రామ్మోహనరావు గారు పెన్షనర్ల సమావేశంలో పెట్టె గురించి ప్రసంగించారు. ముగ్గురు తమకూ కావాలన్నారు. నేను పైకి అనలేదు గానీ, మా శాఖ సాధించలేనిది ఇంటి దగ్గర సాధించానని అనుకున్నాను.

ముద్దాయి విచారణ

శ్రావణం వచ్చింది. మొదటి సోమవారం గడిచింది. మంగళవారం ఉదయం రత్నమ్మ గారు బేరం మధ్యలో చెమటలు పట్టి గల్లా పక్కకు ఒరిగిపోయారు. తెలివి ఉండగానే శ్రీనివాస్ బెల్లం ముక్క నోట్లో పెట్టి, వీధి చివర డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాడు. షుగరు బాగా పడిపోయిందన్నారు. మధ్యాహ్నానికి తేరుకుని ఇంటికొచ్చారు. సాయంత్రం మమ్మల్ని పిలిపించారు.

శ్రీనివాస్ ముందుగా మాట్లాడాడు. “సారూ, మీ పెట్టె మంచిగనే ఉంది. మా అమ్మనే పడుతున్నది.”

రామ్మోహనరావు గారు జేబులోంచి టేపు తీసి పెట్టెను మరోసారి కొలిచి, డిజైనులో లోపం లేదని ప్రకటించారు. సలీం భాయ్ ఒక మూల పట్టుకుని ఊపి, “జాయింట్ హిల్తలేదు” అన్నాడు. నేను అరలు తెరిచి చూశాను. ఆదివారం ఖాళీ, సోమవారం ఖాళీ, మంగళవారం ఉదయం ఖాళీ. లెక్క ఇంత కచ్చితంగా ఉన్నందుకు మా శాఖ అవార్డు ఇచ్చేది.

“అన్నీ వేసుకున్నారు కదమ్మా?”

“ఏసుకున్న.”

కిటికీ దగ్గర నేర్చుకున్న పద్ధతి అప్పుడు గుర్తొచ్చింది. “ఎప్పుడెప్పుడు వేసుకున్నారో చెప్పండి.”

“మంగళవారంవి ఇయ్యాల పొద్దుగాల.”

“సోమవారంవి?”

“గవి గూడ ఇయ్యాల పొద్దుగాలనే.”

రామ్మోహనరావు గారు టేపు జేబులో పెట్టేసుకున్నారు. నేనే మళ్ళీ అడిగాను. “నిన్నటివి నిన్న ఎందుకు వేసుకోలేదు?”

“నిన్న శ్రావణ సోమారం గద సారూ. ఒక్కపొద్దు. రాత్రి దీపం పెట్టినంక ఏదో ఇంత పండు, పాలు. తిన్నంక ఏసుకోవాలెనని మీరే చెప్పిన్రు. అన్నం తినలే, ఏసుకోలే.”

“మరి ఇవాళ రెండు రోజులవి కలిపి ఎందుకు?”

“పొద్దుగాల డబ్బ తెరిస్తే సోమారం అరల కూసోని నన్నే చూస్తున్నయ్. పాత మాలు ముంగట ఉండంగ కొత్త మాలు ఎట్ల తియ్యాలె? పాతది పోయినంకనే కొత్తదని మీరే నేర్పిస్తిరి.”

నేర్పాను. బిస్కెట్ డబ్బా రోజుల్లో తప్పిన గోలీ రేకులోనే ఉండిపోయేది, దాని ముఖం ఎవరికీ కనబడేది కాదు. అన్ని శ్రావణాలూ అలాగే క్షేమంగా గడిచాయి. దానికి ఒక అర కట్టించి, రోజు పేరు రాసి, సూర్యుడి బొమ్మ వేసి, మిగిలితే కంట్లో పడేలా చేసింది నేను. అర ఖాళీ చేయడం ఒక వ్యాపారస్తురాలికి ఎంత సహజమో ఆలోచించలేదు. దానికి తోడు ఇంకొకటి. రంజాన్ నెలలో ఎదురుపడ్డ ప్రతివారినీ ‘ఎప్పుడు తింటారు’ అని అడిగినవాణ్ణి, రత్నమ్మ గారిని అడగలేదు. ఆవిడ మనవాళ్ళే కదా, తెలుసు కదా అనుకున్నాను. ఉద్యోగంలో చేరేవాళ్ళు ఈ మాట రాసుకోండి. తెలియనివాళ్ళ విషయంలో మనం జాగ్రత్తగానే ఉంటాం. ప్రమాదం తెలిసినవాళ్ళతోనే.

తరవాత పరిష్కారాలు వచ్చాయి. రామ్మోహనరావు గారు ప్రతి అరకూ చిన్న తాళం పెడదామన్నారు. ఇరవై ఒక్క తాళంచెవులు గుర్తుపెట్టుకోవడానికి ఇంకొక పెట్టె కావాలని సలీం భాయ్ అన్నాడు. శ్రీనివాస్ తాళంచెవి తన దగ్గరే పెట్టుకుంటానన్నాడు. “గోలీ నేనే చేతులకిస్త. నా ముంగటనే ఏసుకుంటది.”

“నీకు దగ్గు మందు తాగిపిస్తే నా చీరె మీద ఉమ్మేటోనివి. నువ్వు నాకు గోలీ ఏస్తవా?” అని రత్నమ్మ గారు నా వైపు తిరిగారు. “గయ్యన్నీ కాదు సారూ. మిగిలిన గోలీని నేనేం జెయ్యాలె? అది చెప్పున్రి. చెడిపోని దాన్ని పారెయ్య. మీరు వాపస్ తీసుకుంటరా?”

మా కిటికీ పైన ఒక బోర్డు ఉండేది. ‘ఒకసారి ఇచ్చిన మందులు తిరిగి తీసుకొనబడవు.’ సరైన నియమమే. బయటికి వెళ్ళిన మందు ఎక్కడ, ఎలా ఉందో తెలియదు కాబట్టి ఇంకొకరికి ఇవ్వకూడదు. కానీ మిగిలిన మందును ఏం చేయాలో చెప్పే బోర్డు మాత్రం ఎవరూ రాయించలేదు. జనం తమకు తోచింది చేశారు. మింగారు, పక్కింటివాళ్ళకిచ్చారు, అమ్మీకిచ్చారు. మందు తీసుకోవడం ఎలాగో చెప్పడమే మా పని అనుకున్నాం, మానడం ఎలాగో చెప్పడం కూడా పనేనని మాకెవరూ చెప్పలేదు.

“తీసుకుంటాను” అన్నాను. “కింద ఒక సొరుగు పెట్టిస్తాను. తప్పిన గోలీ అందులో వేయండి. ఆదివారం వచ్చి పట్టుకుపోతాను. మళ్ళీ ఎవరికీ ఇవ్వను, నాశనం చేస్తాను. అది మీ నష్టం కాదు, వాపస్ పోయిన సరుకు.”

“వాపస్ తీసుకునేటోళ్ళుంటే నాకేం ఫికర్?”

డాక్టరమ్మకు అక్కడి నుంచే ఫోను చేశాం. ఒక్కపొద్దు రోజు తిండి లేనప్పుడు షుగరు గోలీ వద్దనీ, తప్పినదాన్ని మర్నాడు ఎట్టి పరిస్థితుల్లోనూ కలపవద్దనీ, ఈ మందుతో ఉపవాసం అసలు ఎంతవరకు మంచిదో తాను కూర్చోబెట్టి మాట్లాడాలనీ చెప్పారు. “ఒక్కపొద్దులుంటారని నాకెవరూ చెప్పలేదే” అన్నారు. రత్నమ్మ గారు ఫోను దగ్గరికి వంగి, “మీరు అడగలే గద అమ్మా” అన్నారు.

సమస్య తీరిందని నేను లేవబోయాను. శ్రీనివాస్ లేవలేదు.

“అమ్మా, సొరుగు పెట్టుకో, మంచిదే. గని ఇయ్యాల కాంటా మీద పడితే ఏమయ్యేటిది? ఉత్త కడుపుతోని గల్లా మీద కూసుంటే నాకు గిరాకి మీద మనసుండది, నీ మీదనే ఉంటది. శ్రావణం నుంచి కార్తీకం దాక నీకు సోమారాలున్నయ్. అయితే ఒక్కపొద్దు ఇడువు, లేకుంటే గల్లా ఇడువు. ఏదో ఒకటి ఖరారు చెయ్.”

రెండు చేతులూ గల్లా మీద ఆనించి అడిగాడు. పొద్దున బెల్లం పెట్టిన చేతులు అవే. రత్నమ్మ గారు కొడుకును కొంచెంసేపు చూశారు.

“మీ నాయిన పోయినంక నాకు మిగిలినయే గవి రెండు. అందుట్ల ఏది ఇడువుమంటవ్?”

ఆవిడ కొంగు సర్దుకుని లేచారు.

“పొద్దుగాల చెప్త.”

సభ ముగిసింది. సొరుగు బిగించి తేవడానికి సలీం భాయ్, మల్లేష్ కలిసి పెట్టెను ఆటో ఎక్కించారు.

మర్నాడు ఉదయం

బుధవారం దుకాణం తెరిచే వేళకు వెళ్ళాను. గల్లా మీద శ్రీనివాస్ కూర్చుని ఉన్నాడు. మెస్ నడిపే ఒకాయనకు చింతపండు తూచి సంచిలో పోస్తున్నాడు. నన్ను చూసి, “అమ్మ రాత్రంత ఏం మాట్లాడలే సారూ” అన్నాడు.

సలీం భాయ్ పెట్టె తెచ్చాడు. కింద సొరుగు అమర్చాడు. మిగిలిన ప్యాలెట్ చెక్కతోనే, లోపల నున్నగా రుద్ది. మల్లేష్ నెత్తి మీద నుంచి దింపుతూ, ఇందులో ఇంకేం కలిపారు, నిన్నటి కంటే బరువుందని గొణిగాడు.

రత్నమ్మ గారు వెనక ఇంట్లోంచి పళ్ళెంలో ఉప్మాతో వచ్చారు. బస్తా మీద కూర్చుని, అందరి ముందూ నిదానంగా తిన్నారు. చెయ్యి కడుక్కుని బుధవారం ఉదయం అర తెరిచి, రేకుల మీద పేర్లు చదివి, గోలీలు వేసుకుని నీళ్ళు తాగారు. ఖాళీ రేకులు కొడుకు ముందు బల్ల మీద పెట్టారు.

“శీనూ, సోమారాలు నువ్వే కూసో.”

అతను నమ్మలేదు. “నిజంగనా అమ్మా? ఒక్కపొద్దు దినాలన్నీ?”

“శివునికిచ్చిన దినమే నీకిస్తున్న. మంచిగ చూసుకో. ఎట్లన్న సోమారం గిరాకి తక్కువ.”

సలీం భాయ్ నవ్వు దాచుకోవడానికి మొహం పక్కకు తిప్పుకున్నాడు. శ్రీనివాస్ నా వైపు చూశాడు. ఈ బేరంలో తనకు దక్కిందేమిటో లెక్కవేసుకుంటున్నట్టుంది. రత్నమ్మ గారు గల్లా పక్కకు వెళ్ళి నిలబడ్డారు.

“ఇయ్యాల బుధారం. లే.”

శ్రీనివాస్ లేచాడు. ఆవిడ కూర్చుని, దిండు వెనక్కి జరుపుకుని, మెట్లు దిగుతున్న మెస్ ఆయన్ను వెనక్కి పిలిచారు.

“అన్నా, గా సంచి జర ఇటియ్యి.”

ఆయన తెచ్చి ఇచ్చాడు. రత్నమ్మ గారు చింతపండును కాంటా మీద పోసి మళ్ళీ తూచారు.